లోవెల్ మిల్లులు: ఒక్కరోజు అతిథి చూసిందేమిటి, చూడనిదేమిటి?

పద్మారావునగర్ పాఠకురాలు అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మా కాలనీ గ్రంథాలయంలో నెలకోసారి పదిహేను ఇరవై మందిమి చేరి, చదివినదో చూసి వచ్చినదో ఒకరు చెబితే మిగతావాళ్లం వింటాం. వచ్చే నెల చెప్పవలసిన వంతు నాది. చెప్పదలచుకున్న విషయంలో ఒక చిక్కు వచ్చిపడింది కాబట్టి ఇక్కడ అడుగుతున్నాను.

పోయిన వేసవిలో మా అమ్మాయి దగ్గరికి అమెరికా వెళ్లినప్పుడు బోస్టన్‌కు పాతిక ముప్పై మైళ్ల దూరంలో ఉన్న లోవెల్ అనే ఊరు చూశాను. మెరిమాక్ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో పందొమ్మిదో శతాబ్దపు నూలు మిల్లులను 1978 నుంచి జాతీయ చారిత్రక ఉద్యానంగా కాపాడుతున్నారు. 1820లో అది చాలావరకు పొలాలే ఉన్న చోటు. 1836 నాటికి నగరమైంది. 1840 జనాభా లెక్కల్లో 20,000 దాటింది. మిల్లు పనివారిలో అత్యధికులు చుట్టుపక్కల రాష్ట్రాల రైతు కుటుంబాల నుంచి వచ్చిన పెళ్లికాని ఆడపిల్లలు. వాళ్లు కంపెనీలు కట్టిన బోర్డింగ్ ఇళ్లలో ఉండేవారు. భోజనానికీ బసకూ వారానికి డాలరుంపావు దాకా వాళ్ల సంపాదన నుంచే పోయేది. రాత్రి పదింటికి ఆ ఇళ్ల తలుపులు మూసేసేవారు.

ఒక మిల్లులో నేత గదిని ఇప్పటికీ నడిపి చూపిస్తున్నారు. అందులో 88 మరమగ్గాలు ఉన్నాయి. అవి ఇరవయ్యో శతాబ్ది తొలినాళ్లవే తప్ప అంతకు ముందువి కావు. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోవడానికి మెత్తటి బిరడాలు ఇచ్చారు. నేను వెళ్లిన రోజు కొన్ని మగ్గాలను మాత్రమే నడిపారు. అయినా నేల అదరడం చెప్పుల్లోంచి మోకాళ్ల దాకా తెలిసింది. పక్కనే నిలబడ్డ మా అమ్మాయి ఏదో అంటున్నదని పెదవులు కదలడం చూసి గ్రహించానే కాని ఒక్క ముక్క వినబడలేదు. ఐదు నిమిషాలు కూడా నిలవలేకపోయాను.

ఇక నా చిక్కు ఇది. ఇంగ్లండ్ నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1842 ఫిబ్రవరిలో ఈ ఊరికి వచ్చి ఒక్క రోజు గడిపి, ఎంతో మెచ్చుకుంటూ రాశాడు. మిల్లు ఆడపిల్లలు శుభ్రంగా, మంచి దుస్తుల్లో ఉన్నారన్నాడు. మిల్లు కిటికీల్లో పచ్చని మొక్కలు పెంచారన్నాడు. చాలా బోర్డింగ్ ఇళ్లలో ఉమ్మడిగా కొనుక్కున్న పియానో ఉందనీ, దాదాపు అందరూ గ్రంథాలయాలకు చందా కడుతున్నారనీ, వాళ్లు సొంతంగా ఒక పత్రిక నడుపుతున్నారనీ చెప్పి, ఈ మూడు సంగతులూ తన దేశస్థులు నమ్మలేరన్నాడు. అక్కడి పొదుపు బ్యాంకులో 978 మంది మిల్లు పిల్లలకు ఖాతాలున్నాయని లెక్క కూడా ఇచ్చాడు. సరిగ్గా మూడేళ్లకు, 1845లో, అదే ఊరి కార్మికురాళ్లు పని వేళల వల్ల తమ ఆరోగ్యం చెడిపోతున్నదనీ, రోజుకు పది గంటల పని చట్టం కావాలనీ మసాచుసెట్స్ శాసనసభకు అర్జీ పెట్టుకున్నారు. సంతకాలు 2,000కు పైగా ఉన్నాయి.

అంత సూక్ష్మంగా చూడగల రచయిత మోసపోయాడా? మిల్లు యజమానులు ఆయనకు చూపవలసినదే చూపి పంపించారా? లేక మూడేళ్లలోనే పరిస్థితి అంతగా దిగజారిందా? సభలో ఎవరి మాట పట్టుకుని మాట్లాడాలో తెలిసినవారు చెప్పగలరు.

నల్లకుంట నుంచి విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు

అమ్మా, మీరడిగినది మంచి ప్రశ్న. నేను ముప్పై ఏళ్లు డిగ్రీ విద్యార్థులకు పారిశ్రామిక విప్లవం పాఠం చెప్పాను. ఏటా ఎవరో ఒక విద్యార్థి ఈ ప్రశ్నే మరో రూపంలో వేసేవాడు. అతిథి అబద్ధమాడాడా, కార్మికురాలు ఎక్కువ చేసి చెప్పిందా అని రెండు పక్షాలుగా విడదీయకుండా, ఎవరు ఏ గంటకు, ఏ కొలబద్దతో చూశారో ముందు తేల్చుకోవాలని చెప్పేవాణ్ణి.

మొదట గంట సంగతి చూద్దాం. డికెన్స్ తొలి మిల్లుకు చేరేసరికి మధ్యాహ్న భోజన విరామం అప్పుడే ముగిసింది. పిల్లలు తిరిగి పనిలోకి వస్తున్నారు. తాను మెట్లెక్కుతుంటే మెట్ల నిండా వాళ్లే ఉన్నారని ఆయనే రాశాడు. అంటే ఆ పిల్లలు ఇంటికి పోయి, తిని, ముఖం కడుక్కుని, చలిగాలిలో నడిచి వస్తున్న క్షణంలో ఆయన వాళ్లను చూశాడు. దినమంతటిలో వాళ్లు మిక్కిలి తేటగా కనిపించే ఘడియ అది. ఇప్పుడు 1845లో శాసనసభ సంఘం ముందు ఒక నేత కార్మికురాలు ఇచ్చిన వాంగ్మూలం పక్కన పెట్టి చూడండి. తాను పనిచేసే గదిలో సాయంత్రం పూట, కొన్నిసార్లు ఉదయం కూడా, 293 చిన్న దీపాలు, 61 పెద్ద దీపాలు వెలిగిస్తారని ఆమె చెప్పింది. ఆ గదిలో పనిచేసేవారు నూటయాభై మంది దాకా ఉంటారు. నూనె దీపాలు మూడు వందల యాభైకి పైగా ఒక్క గదిలో వెలుగుతుంటే, ఆ పొగా నుసీ కలిసిన గాలిని పీలుస్తూ మగ్గాల ముందు నిలబడటం ఎలా ఉంటుందో ఊహించండి. మిట్టమధ్యాహ్నం వచ్చిన అతిథికి దీపాలు ఆరిపోయి ఉంటాయి కదా. ఆయన కంట పడ్డవి కిటికీలోని మొక్కలే.

కొలబద్ద సంగతి ఇంకా ముఖ్యం. ఆయన ఇంగ్లండ్ మిల్లుల గురించి తెలిసి వచ్చినవాడు. అంతేకాదు, పన్నెండేళ్ల వయసులో తండ్రి అప్పుల కారణంగా జైలుపాలైనప్పుడు లండన్‌లో బూట్ల నల్లరంగు తయారుచేసే చోట కూలికి పనిచేసినవాడు. ఆ సంగతి అప్పటికి లోకానికి తెలియదు. అలాంటివాడు పుస్తకాలు చదివే మిల్లు పిల్లను చూసి చలించిపోవడంలో వింతేమీ లేదు. పని వేళలను కూడా ఆయన దాచలేదు. సగటున రోజుకు పన్నెండు గంటలు పని చేస్తారనీ, అది గట్టి పనేననీ స్పష్టంగా రాశాడు. తన దేశంతో పోల్చుకుని అది మెరుగని తలచాడు. ఆ పిల్లల కొలబద్ద వేరు. వాళ్లు న్యూ హాంప్‌షైర్, వెర్మాంట్, మెయిన్ పల్లెల నుంచి వచ్చారు. పొలం పని కష్టమైనదే అయినా అక్కడ పనికి గంట కొట్టేవాడు ఉండడు. లోవెల్‌లో వేసవి నెలల్లో తెల్లవారుజామున నాలుగున్నరకు గంట మోగితే ఐదింటికల్లా మిల్లులో ఉండాలి. ఏడింటికి టిఫిన్‌కు అరగంట, మధ్యాహ్నం భోజనానికి ముప్పావుగంట ఇచ్చి, సాయంత్రం ఏడింటి దాకా పని చేయించేవారు. ఆ కాసేపట్లోనే ఇంటికి నడిచి పోవడం, తినడం, తిరిగి రావడం జరిగిపోవాలి. ఏడాది నిండకుండా మానేసినా, మేస్త్రీకి ఎదురు చెప్పినా, మరో మిల్లులో పని దొరకకుండా పేరు జాబితాకెక్కేది.

మూడేళ్లలో దిగజారిందా అని మీరడిగారు. అసంతృప్తి 1842 తర్వాత పుట్టినది కాదు. 1834లో జీతాలు తగ్గిస్తామన్నప్పుడు 800 మంది ఆడవాళ్లు పని ఆపి వీధిలోకి వచ్చారు. 1836లో బోర్డింగ్ ఖర్చు పెంచినప్పుడు అంతకంటే ఎక్కువ మంది బయటికి నడిచారు. ఆ రెండో సమ్మెలో హారియెట్ హాన్సన్ అనే పదకొండేళ్ల పిల్ల, తన గదిలోని పెద్దవాళ్లు వెళ్దామా వద్దా అని ఊగిసలాడుతుంటే, మీరు రాకపోయినా నేను పోతానని ముందు నడిచిందనీ, వెనక్కి తిరిగి చూస్తే గదంతా తన వెంట వస్తున్నదనీ పెద్దయ్యాక స్వయంగా రాసుకుంది. అతిథి వచ్చిన 1842 ఆ సమ్మెలకూ ఈ అర్జీకీ నడుమ వచ్చిన ఏడు.

మీ సభలో తప్పక చెప్పవలసిన మనిషి సారా బాగ్లీ. అతిథి మెచ్చుకున్న ఆ కార్మికురాళ్ల పత్రికలోనే, 1840లో, మిల్లు జీవితంలోని ఆనందాల గురించి వ్యాసం రాసినది ఈమే. 1844 చివర లోవెల్ మహిళా కార్మిక సంస్కరణ సంఘానికి నాయకురాలై, పది గంటల అర్జీకి సంతకాలు సేకరించి, శాసనసభ సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పినదీ ఈమే. పని ముగిశాక రాత్రిపూట తోటి పిల్లలకు చదువు చెప్పేది. ఆ పత్రిక తన విమర్శలను అచ్చు వేయడం లేదని తర్వాత బహిరంగంగా నిలదీసింది. మొదటి వ్యాసం ఎవరో భయపెట్టి రాయించారని నేను అనుకోను. మిల్లు సంపాదన ఆమెకు పుస్తకాన్నీ, స్నేహాన్నీ, తన కాళ్ల మీద నిలబడే ధైర్యాన్నీ ఇచ్చింది. ఆ ధైర్యమే చట్టసభ మెట్లెక్కించింది. కాబట్టి మీరు పక్కపక్కన పెట్టిన రెండు మాటలూ రెండు వేర్వేరు నోళ్లలోంచి వచ్చినవి కావు.

మరొక్క సంగతి. అర్జీ విచారించిన సంఘం సభ్యులు కూడా లోవెల్‌కు వెళ్లి మిల్లులు చూశారు. వాళ్లకూ ఆవరణలో పచ్చిక, చెట్లు, గదుల్లో పూలమొక్కలు కనిపించాయి. దోషాలు లేవని తాము అనడం లేదంటూనే, వాటికి మందు శాసనసభ చేతిలో లేదని తేల్చి చేతులు దులుపుకున్నారు. సంఘం అధ్యక్షుడు విలియం షౌలర్ లోవెల్‌లో పత్రిక నడిపే మనిషి. ఓటు హక్కు లేని ఆ ఆడవాళ్లు అతన్ని ఓడించాలని తీర్మానించారు, తర్వాతి ఎన్నికలో అతను ఓడిపోయాడు. పది గంటల చట్టం మాత్రం మసాచుసెట్స్‌లో 1874 దాకా రాలేదు.

అమీర్‌పేట హాస్టల్ పూర్వ నివాసి

మాస్టారు గారు సారా బాగ్లీ గురించి చెప్పినది చదివి, నా సొంత అనుభవం ఒకటి రాయాలనిపించింది.

2009లో నేను ఖమ్మం దగ్గరి పల్లె నుంచి వచ్చి అమీర్‌పేటలో ఒక ఆడపిల్లల హాస్టల్‌లో చేరాను. పగలు కోర్సు, ఆ తర్వాత ఒక కాల్ సెంటర్‌లో రాత్రి పని. గదికి నలుగురం. ఇద్దరికి ఒక బీరువా. పొద్దున ఆరున్నర దాటితే స్నానానికి నీళ్లుండవు కాబట్టి నైట్ డ్యూటీ చేసి వచ్చినవాళ్లం బకెట్లు పట్టుకుని వరుసలో నిలబడే కునుకు తీసేవాళ్లం. మా నాన్న నన్ను చూడడానికి ఆదివారం మధ్యాహ్నం వచ్చేవారు. ఆదివారం అంటే చికెన్ వండే రోజు, నేల ఫినాయిల్‌తో కడిగే రోజు, మేమందరం తలస్నానం చేసి మంచి చుడీదార్లు వేసుకునే రోజు. ఆయన కింద వరండాలో కుర్చీలో కూర్చుని అన్నీ చూసి, ఊరికి పోయి, మా అమ్మాయికి ఏ లోటూ లేదని అందరికీ చెప్పారు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క మాట అబద్ధం లేదు.

ఆయనకు ఆ దృశ్యాన్ని చూపించినది హాస్టల్ యజమాని కంటే ఎక్కువగా నేనే. నీళ్ల సంగతి, నిద్ర సంగతి చెబితే వెంటనే నా ట్రంకు పెట్టె సర్దించి ఇంటికి తీసుకుపోతారని నాకు తెలుసు. ఇంటికి పోతే పెళ్లి సంబంధం సిద్ధంగా ఉంది. నెలకు నా చేతికొచ్చే ఎనిమిది వేలు నా పేరున ఉన్న ఖాతాలో పడటం నాకు ఎంత విలువైనదో మాటల్లో చెప్పలేను. కాబట్టి ఆయన ముందు నవ్వుతూ నిలబడ్డాను. అదే నెలలో మేం పదకొండు మందిమి సంతకాలు చేసి నీళ్ల ట్యాంకు గురించి యజమానికి కాగితం ఇచ్చాం. ఆ కాగితం మీద మొదటి సంతకం నాది.

లోవెల్ పిల్లలు విదేశీ అతిథి ముందు శుభ్రంగా, గర్వంగా నిలబడ్డారంటే, యజమానులు చెప్పి నిలబెట్టారని మాత్రమే అనుకోనక్కర్లేదమ్మా. తమను జాలిగా చూడడం ఆ పిల్లలకు ఇష్టం లేకపోయి ఉండవచ్చు. బ్యాంకులో 978 ఖాతాలన్న లెక్క మీ ప్రశ్నలో చదివినప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

జల విద్యుత్ ఇంజినీరు, విశ్రాంతుడు

చర్చ మిల్లు లోపలే తిరుగుతున్నది. నా దృష్టి సహజంగా నీళ్ల మీదికి పోతుంది. లోవెల్ మిల్లులు ఆవిరితో మొదలైనవి కావు. మెరిమాక్ నది పాటకెట్ జలపాతం దగ్గర సుమారు 32 అడుగులు దిగుతుంది. ఆ దిగుడును ఐదున్నర మైళ్లకు పైగా కాలువల్లోకి మళ్లించి, రెండు అంతస్తుల్లో వాడుకుని మిల్లులు నడిపారు. నీటిని కంపెనీలకు కొలిచి కౌలుకిచ్చేవారు. ఆ కొలత యూనిట్‌ను మిల్లు పవర్ అనేవారు. 30 అడుగుల దిగుడు మీద సెకనుకు 25 ఘనపుటడుగుల నీరు ఒక మిల్లు పవర్. అది నూలు వడికే కదుర్లు 3,584 ఉన్న ఒక మిల్లును నడపడానికి కావలసినదన్న లెక్క నుంచి వచ్చింది. నీటిని ఎకరాలకు లెక్కగట్టే ఆయకట్టు దేశంలో పనిచేసిన నాకు, నీటిని కదుర్ల లెక్కన కొలవడం చూస్తే ముచ్చటేసింది.

ఆ కాలువల ప్రధాన ఇంజినీరు జేమ్స్ ఫ్రాన్సిస్. 1840ల చివర ఆయన మెరుగుపరచిన టర్బైన్‌లో నీరు చుట్టూరా ఉన్న గైడ్ వేన్ల (నీటిని మళ్లించే రెక్కల) గుండా బయటి నుంచి లోపలికి వచ్చి, రన్నర్‌ను (తిరిగే చక్రాన్ని) తిప్పి, మధ్యలోంచి కిందికి దిగిపోతుంది. మన శ్రీశైలంలో, నాగార్జునసాగర్‌లో తిరుగుతున్నవి ఆ తరహా యంత్రాలే. నేను ఉద్యోగకాలమంతా వాటి ఓవర్‌హాలింగ్ చేశాను. రన్నర్ బ్లేడుకూ పక్క బ్లేడుకూ నడుమ దూరి కూర్చుని, చేతిదీపంతో గుంటలు పడ్డ చోట్లు తడిమి సుద్దతో గుర్తులు పెట్టినవాణ్ణి. కాబట్టి ఆ ఊరంటే నాకు గౌరవం. 1850లో ఆయన కాలువ తలాపున ఒక పెద్ద కొయ్య తలుపు కట్టించి వేలాడదీస్తే ఊరంతా పిచ్చిపని అన్నది. 1852 వరదలో దాన్ని దించితే ఊరు మునగకుండా నిలిచింది. 1936 వరదలో కూడా అదే కాపాడింది.

అయితే సందర్శకుడికి కనిపించని మూడు చోట్లను మీరు సభలో ప్రస్తావించాలని కోరుతున్నాను. మొదటిది, కాలువలు తవ్వినవాళ్లు. 1822లో ఐరిష్ కూలీలు బోస్టన్ పక్కనుంచి నడిచి వచ్చి పలుగూ పారా పట్టారు. వాళ్లకు కంపెనీ ఇళ్లు లేవు. చెక్క పలకలకు మట్టి మెత్తుకుని గుడిసెలు వేసుకున్నారు. మన ప్రాజెక్టులన్నిటి కాలువ గట్ల మీదా పాలమూరు కూలీలు ఎలా ఉండేవారో కళ్లారా చూసినవాణ్ణి కనుక ఆ గుడిసెలను ఊహించుకోవడం నాకు కష్టం కాదు. రెండవది, నదికి ఎగువన న్యూ హాంప్‌షైర్‌లోని సరస్సులు. వేసవిలో నీరు చాలడం లేదని మిల్లు కంపెనీలు 1845లో అక్కడి ఆనకట్టల హక్కులు కొనేశాయి. నీటిని నిలిపినప్పుడు పొలాలు మునిగాయి, వదిలినప్పుడు అక్కడి చిన్న మిల్లులు ఎండాయి. 1859లో అక్కడి జనం వచ్చి ఆనకట్టను కూలగొట్టబోయారు. మూడవది, పత్తి. అది దక్షిణాది తోటల్లో బానిసలు ఏరిన పత్తి. ఆ బానిసలకు కట్టబెట్టే ముతక బట్టలో కొంత లోవెల్‌లోనే నేశారు. అక్కడ ఆ బట్టకు లోవెల్ అనే పేరు కూడా స్థిరపడింది. లోవెల్‌కు వెళ్లే రైలులో నల్లవారికి వేరే పెట్టె ఉండడం డికెన్స్ గమనించి అదే అధ్యాయంలో రాశాడు. ఆ పెట్టెకూ, తాను మెచ్చుకున్న మిల్లు గదికీ ఉన్న ముడిని మాత్రం ఆ రోజు విప్పలేదు. 1861లో ఆ దక్షిణాది రాష్ట్రాలతో అంతర్యుద్ధం వచ్చేసరికి లోవెల్ కంపెనీలు చాలావరకు నిల్వ ఉన్న పత్తిని అమ్ముకుని మిల్లులు మూసి వేలాది మందిని వీధిలో నిలబెట్టాయి. అదే సమయంలో, నిజాం నుంచి ఆంగ్లేయులు 1853లో తీసుకున్న బేరార్ (ఇప్పటి మహారాష్ట్రలోని ప్రాంతం) పత్తికి ధర పెరిగింది.

పద్మారావునగర్ పాఠకురాలు

మాస్టారు గారికీ, ఇంజినీరు గారికీ, తన అనుభవం దాచుకోకుండా రాసిన చెల్లెలికీ కృతజ్ఞతలు. నేను పియానోతో మొదలుపెట్టాలనుకున్నాను. ఇప్పుడు 293 చిన్న దీపాలతో మొదలుపెట్టాలని నిర్ణయించుకున్నాను. డికెన్స్ మాటను తీసేయను, భోజన విరామం గంటతో సహా చెబుతాను.

ఒక్కటి మాత్రం ఇంకా అర్థం కాలేదు. మ్యూజియంలో ఉన్న వివరాల్లో మిల్లు కిటికీలను ఎండాకాలంలో కూడా మూసి ఉంచేవారని చదివాను. లోపల అంత నుసి, అంత ఉక్క ఉన్నప్పుడు కిటికీ తెరిస్తే యజమానికి పోయేదేముంది? కార్మికులను బాధపెట్టాలని ఎవరూ పనిగట్టుకుని మూయరు కదా.

సిరిసిల్ల నేతింటి మనిషి, ప్రస్తుతం కూకట్‌పల్లి

అక్కా, ఈ ప్రశ్నకు మా ఇంట్లో పసిపిల్లవాడైనా జవాబు చెబుతాడు. పోగు తెగుతుంది కాబట్టి మూస్తారు.

పడుగుకు, అంటే మగ్గం మీద నిలువుగా పరిచే పోగులకు, గంజి పెడతారు. గంజి పట్టిన పోగు గాలిలో తడి ఉన్నంతసేపు సాగుతుంది, గాలి పొడిబారితే ఎండు గడ్డిపరకలాగా పుటుక్కుమంటుంది. మా తాత గుంట మగ్గం మీద నేసేవాడు. కాళ్లు గుంటలో పెట్టుకుని నేలకు దగ్గరగా పడుగు పరిచేది ఆ నేల చల్లదనం కోసమే. వడగాలి రోజుల్లో తలుపు సందుకు తడి గోనెసంచి వేలాడదీసి, తలుపు తీసినవాళ్లను తిట్టిపోసేవాడు. మగ్గం ఒక్కటైతే తెగిన పోగును అతుక్కుంటూ సాగవచ్చు. ఒక గదిలో వందల మగ్గాలు నడుస్తుంటే పోగు తెగిన ప్రతిసారీ ఒక మగ్గం ఆగుతుంది, ఆగిన మగ్గం యజమానికి నష్టం, ముక్క లెక్కన కూలి తీసుకునే పిల్లకూ నష్టం. అందువల్ల కిటికీ మూసి ఉండాలని యజమాని అంటాడు, ఊపిరాడక చస్తున్నా ఆ పిల్ల కూడా లేచి కిటికీ తెరవదు. 1846లో లోవెల్ మిల్లులు చూసి రాసిన ఒక సంస్కరణ పత్రికవాళ్లు గాలిలో నూలు పీచు తేలుతున్నదనీ, ఉక్కగా ఉన్నా కిటికీలు మూసే ఉన్నాయనీ, కారణమడిగితే గాలి తగిలితే దారం పని సరిగా సాగదన్నారనీ రాశారు. వాళ్లూ అతిథులే. వాళ్లు బోర్డింగ్ ఇంటి పడకగదుల్లో ఎంతమంది పడుకుంటారో కూడా లెక్కపెట్టారు. గదికి మూడు మంచాలు, ఆరుగురు పిల్లలు.

పోగు గురించే మరొకటి. నాడెలో, అంటే పడుగు మధ్య అటూ ఇటూ దారం తీసుకుపోయే పనిముట్టులో, కొత్త కండె (దారం చుట్టిన పుల్ల) పెట్టినప్పుడు దారం కొసను నాడె కంట్లోంచి బయటికి లాగాలి. న్యూ ఇంగ్లండ్ మిల్లుల్లో దాన్ని నోటితో పీల్చి లాగేవారు. ఒక నాడెను ఇద్దరు ముగ్గురు పీల్చేవారు. దారంతో పాటు నుసీ, గంజీ, పక్కమనిషి దగ్గూ అన్నీ లోపలికి పోయేవి. మసాచుసెట్స్‌లో ఆ పద్ధతిని 1911లో చట్టం చేసి ఆపించారు. అంటే మీరు చెబుతున్న అతిథి వచ్చి పోయాక దాదాపు డెబ్బై ఏళ్లు.

మీరు ఐదు నిమిషాలు నిలవలేకపోయానన్నారు. మా నాన్న ఇరవై రెండేళ్లు సాంచాల మీద పనిచేశాడు. మా దగ్గర మరమగ్గాలను సాంచాలనే అంటాం. షెడ్డులో ఆయన, అవతలి సాంచెల మీది మనిషి మాట్లాడుకోవడం చిన్నప్పుడు చూసేవాణ్ణి. ఇద్దరి మధ్య పది అడుగుల దూరం ఉండేది, ఒక్క శబ్దం నోట్లోంచి రాకుండా పెదవులతోనే కూతురి పెళ్లి సంగతులు, అప్పుల సంగతులు అన్నీ చెప్పుకునేవారు. మా అమ్మ ఇంటి దగ్గర కండెలు చుట్టేది. షెడ్డు చూడడానికి హైదరాబాద్ నుంచి ఎవరైనా వస్తే ఆసామి రెండు సాంచెలు ఆపించేవాడు, వచ్చినవాళ్లు అడిగే మాట వినబడాలి కదా. ఆ చప్పుడు తగ్గిన షెడ్డే వాళ్లు చూసి పోయేవారు.

నాన్న ఇప్పుడు నా దగ్గరే ఉంటున్నాడు. ఫోన్‌లో మాట్లాడలేడు, ఎదురుగా కూర్చోబెట్టి మాట్లాడితే మాత్రం అన్నీ అర్థమవుతాయి. టీవీలో వార్తలను శబ్దం పూర్తిగా తగ్గించి చూస్తాడు, చదివే అమ్మాయి పెదవులు చూసి వార్త చెప్పేస్తాడు. మీ సభ ఏ ఆదివారమో రాస్తే తీసుకొస్తాను. ముందు వరుసలో, మీ ముఖం కనిపించే చోట ఒక కుర్చీ ఉంచండి.